కొండ జీపుకి కిలోమీటర్ల లెక్క చెప్పకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ వాహనాల పేజీలో షాక్ అబ్జార్బర్ల గురించి నాలుగు ముక్కలు వేశారు. 20,000 కిలోమీటర్లకోసారి చూపించుకోవాలి, 80,000కి మార్చుకోవాలి అని. తప్పు రాశారని నేననను. తారు రోడ్డు మీద తిరిగే కారుకి ఆ లెక్క దాదాపు సరిపోతుంది. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని సోమవారం పొద్దున్నే ఒక జీపు ఓనరు నా షెడ్డుకి దిగాడు. "మేస్త్రీ, పేపర్లో ఎనభై వేలని వేశారు. నువ్వేమో పది వేలు కూడా తిరగకుండానే మార్చమంటావు. ఇద్దరిలో ఎవరు నన్ను ముంచుతున్నారు?" అన్నాడు. అతనికి నిలబెట్టి చెప్పిందే మీకూ రాస్తున్నాను. వీలైతే అదే పేజీలో వెయ్యండి.

నేను శృంగవరపుకోటలో జీపు మెకానిక్‌ని. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి 1994లో షెడ్డు పెట్టాను. అరకు ఘాట్ ఎక్కబోయే ముందు వచ్చే పెద్ద ఊరు మాది. అందుకే పైన అనంతగిరి మండలం బళ్లకి ఏ రోగమొచ్చినా చాలావరకు మా దగ్గరికే దిగుతాయి. వాటిలో సగం, బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి టూరిస్టుల్ని తిప్పే జీపులు. మహీంద్రా వాళ్ల పాత కమాండర్లు, మేజర్లు. కొన్నిటి వయసు వాటిని తోలే కుర్రాళ్ల కంటే ఎక్కువ.

మీరు ఎప్పుడైనా కిరండూల్ రైలెక్కి బొర్రా స్టేషన్లో దిగి, గుహలు చూసి, కటికికి జీపు మాట్లాడుకుని ఉంటే ఆ దారి సంగతి నేను చెప్పక్కర్లేదు, మీ నడుము చెబుతుంది. ఉన్నది నాలుగైదు కిలోమీటర్లు. బండరాయి మీంచి బండరాయి మీదికి, వానకి కోసుకుపోయిన చాలులోంచి ఇంకో చాలులోకి. పట్టే టైము అరగంట. ఒకసారి డ్రైవరు పక్కన కూర్చుని ముందు చక్రం ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్కపెడదామని చూశాను. 600 దాకా లెక్కపెట్టి వదిలేశాను, అప్పటికి ఇంకా కటికి దగ్గర దూకే గోస్తనీ నది నీళ్ల చప్పుడు కూడా వినపడలేదు. తారు రోడ్డు మీద 600 గుంతలు కావాలంటే ఎంత దూరం పోవాలి? రోడ్లు బాగోలేవని మనం ఎంత తిట్టుకున్నా, చాలా దూరమే పోవాలి.

ఇంకో మాట. కిలోమీటర్ల లెక్క అంటారు గానీ, ఈ జీపుల్లో మీటరు పనిచేసేవి ఎన్ని? కేబుల్ తెగి ముల్లు సున్నా మీద పడుకుని ఉంటుంది. 80,000 ఎప్పుడు వస్తాయని ఆ ఓనరు చూసుకుంటాడు?

షాకబ్జర్ (మా షెడ్లో అందరం అలాగే అంటాం, నేనూ అలాగే రాస్తాను) బండి బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. మోసేది కమాను కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వంపు ఉక్కు పట్టీలు. చక్రం రాయెక్కితే కమాను నొక్కుకుంటుంది, రాయి దాటగానే ఎగిరి లేస్తుంది, మళ్లీ నొక్కుకుంటుంది. ఆ ఊపుని ఆపడమే షాకబ్జర్ పని. గొట్టం నిండా నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి రంధ్రాలు, వాటి మీద రేకు వాల్వులు. పిస్టన్ కదలాలంటే నూనె ఆ సన్న దారిలోంచి తోసుకుని పోవాలి. ఆ పెనుగులాటలో ఊపు చచ్చి వేడిగా మారిపోతుంది. షాకబ్జర్ తినేది ఊపు, కక్కేది వేడి. ఇది తెలిస్తే మిగతా కథంతా తెలిసినట్టే.

తారు రోడ్డు మీద 60లో పోయే బండికి గాలి తగులుతుంది, గొట్టం చల్లారుతుంది. కటికి దారిలో బండి నడక మనిషి నడకకి రెండింతలు ఉంటే గొప్ప. గాలి లేదు, పని మాత్రం పదింతలు. నూనె కాగుతుంది, పల్చబడుతుంది. లోపలున్న గాలితో కలిసి చిలికిన మజ్జిగలా నురగొస్తుంది. నురగని తొయ్యడానికి పిస్టన్‌కి బలమేం అక్కర్లేదు కదా, బండి ఊయలై ఊగుతుంది. కిందికొచ్చి గంటసేపు నీడన ఆగితే నురగ కూర్చుంటుంది, మళ్లీ బాగానే పనిచేస్తుంది. అందుకే డ్రైవర్లు నాతో "పైన తేడాగా ఉంది మేస్త్రీ, కిందికొస్తే ఏం లేదు" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. నేనే మొదట్లో కొన్నేళ్లు నమ్మలేదు. నైట్రోజన్ గ్యాసు నింపిన రకం అయితే నురగ తొందరగా రాదు. కానీ దాని ధర చూసి మా ఓనర్లు వెనక్కి పెట్టేస్తారు.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏ బండికి ఏం వేశాను, ఎప్పుడు వేశాను, ఎప్పుడు విప్పాను. చదువుకున్నవాళ్ల లెక్కలు కావవి, నూనె మరకల లెక్కలు. అందులో ఒక పేజీ గురించి చెబుతాను. 2021 నవంబరులో ఒకే పెట్టెలోంచి, ఒకే కంపెనీ, ఒకే నంబరు షాకబ్జర్లు రెండు జతలు తీశాను. ఒక జత శృంగవరపుకోట నుంచి విశాఖపట్నానికి రోజూ కూరగాయలు తోలే జీపుకి వేశాను. రెండోది అదే మోడల్ కటికి జీపుకి. కూరగాయల జీపుది 2024 ఏప్రిల్లో విప్పాను. అప్పటికి 70,000 దాటింది, దానికి మీటరు పనిచేస్తుంది. లోపల ఇంకా కొంచెం ప్రాణం ఉంది. కటికి జీపుది 2022 అక్టోబరుకే అయిపోయింది. సీలు (లోపలి నూనె బయటికి రాకుండా ఆపేది) దగ్గర నూనె కారి, దాని మీద ఎర్రమట్టి పట్టి, గొట్టం అట్ట కట్టి ఉంది. ట్రిప్పుల లెక్కన చూస్తే అది తిరిగింది 8,500 కిలోమీటర్లకు మించదు. సరుకులో తేడా లేదు, బిగించింది నేనే, తేడా అంతా దారిది.

సీజనంటే దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాటేదాకా. రోజుకి నాలుగు ట్రిప్పులు వేసుకున్నా సీజనంతా కలిపి 4,000 కిలోమీటర్లు రావు. షాకబ్జర్‌ని చంపేది ఆ 4,000మే. మిగతా ఏడాదంతా సంతలకీ పెళ్లిళ్లకీ తిరిగే తిరుగుడు దానికి విశ్రాంతి కింద లెక్క. అందుకని నన్నడిగితే కటికి జీపు షాకబ్జర్ ఆయుష్షు ఒక సీజను, రెండో సీజను మధ్యలోకి వచ్చిందంటే డ్రైవరు మంచివాడన్నమాట. మన్యంలో ఊళ్ల మధ్య సంతలకి తిరిగే జీపులైతే ఏడాదిన్నర, రెండేళ్లు లాగుతాయి. ఇక్కడే మావాళ్లు ఒక తెలివితక్కువ పని చేస్తారు. సంక్రాంతి అయ్యాక చేతిలో డబ్బులుంటాయి కదా, అప్పుడొచ్చి మార్పిస్తారు. సీజనంతా చచ్చినవాటి మీద తిరిగి, ఖాళీ రోజుల్లో కొత్తవి! మార్చాల్సింది సెప్టెంబరులో బాబూ అని ఏటా చెబుతాను. సెప్టెంబరులో డబ్బులుండవు. అదీ నిజమే.

దారిని ఒక్కదాన్నే అని ప్రయోజనం లేదు. సగం పాపం మనుషులది. కాగితం మీద రాసిన సీట్ల కంటే ఎక్కువమంది ఎక్కుతారు, వెనక తలుపు పట్టుకుని ఇద్దరు వేలాడతారు. కమాను కుంగిపోతుంది. ఓనరు కమాను పని చేసే షాపుకి పోయి కట్టలో ఇంకో పట్టీ ఎక్కిస్తాడు. బండి రెండంగుళాలు లేచి ఠీవిగా నిలబడుతుంది. ఓనరుకి ఆనందం. షాకబ్జర్ పొడుగు మాత్రం అంతే కదా! అది ఖాళీ బండిలో అప్పటికే సాగి సాగి చివరికొచ్చి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగితే ఇంకా సాగడానికి చోటు లేదు. పిస్టన్ పోయి గొట్టం మూతకి లోపల్నుంచి గుద్దుకుంటుంది. గుద్దిన ప్రతిసారీ సీలు, బుష్షు (చివర్లలో ఉండే రబ్బరు), బోల్టు, ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి అతికిన బ్రాకెట్టు, అన్నీ దెబ్బ తింటాయి. పట్టీ ఎక్కువైన కమాను మనుషుల్ని దింపేసి ఖాళీగా వచ్చేటప్పుడు ఇంకా గట్టిగా తన్నుతుంది. నా నోటుపుస్తకంలో నూనె కారి పోయిన వాటికంటే ఇలా తల దగ్గర తెగి పోయినవే ఎక్కువ. పట్టీ ఎక్కించినవాడు షాకబ్జర్ కూడా ఆ ఎత్తుకి తగ్గ పొడుగుది వేసుకోవాలి, లేదా ఆ పట్టీ తీయించాలి. మూడో దారి లేదు.

ఛాసిస్ కింద లావుపాటి రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది, బంప్ స్టాపర్. చక్రం మరీ పైకి లేస్తే ఆ దెబ్బ కాసేది అదే. అది ఊడిపోతే ఎవరూ పట్టించుకోరు. ఊడిపోతే ఆ దెబ్బ తినేది షాకబ్జరే. చవక రబ్బరు కోసం చూసుకుని ఖరీదైన గొట్టం పోగొట్టుకోవడం. ఎండిన బురద సంగతీ అంతే. అది పిస్టన్ రాడ్డు మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. మెరిసే రాడ్డు మీద గీత పడితే ఆ గీత ప్రతిసారీ సీలుని కోస్తుంది. వానాకాలం ట్రిప్పు అయ్యాక రెండు చెంబుల నీళ్లు కొట్టండిరా అంటే బద్ధకం.

ఇప్పుడు పోయిందో లేదో తెలుసుకోవడం ఎలాగన్నది. బానెట్ మీద నొక్కి వదిలితే ఎన్నిసార్లు ఊగిందో చూడమని అంటారు. కారుకి బాగానే ఉంటుంది. పాత జీపుకి పనిచెయ్యదు. కమాను పట్టీలు తుప్పు పట్టి ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊపుని వాటంతటవే ఆపేస్తాయి. నొక్కితే బండి రాయిలా ఉంటుంది. "చూశావా, ఎంత టైటుగా ఉందో" అంటాడు ఓనరు. షాకబ్జర్లు నాలుగూ చచ్చి ఏడాదై ఉంటుంది. నేను చేసేది వేరు. కటికి నుంచి బండి రాగానే, ఆపిన నిమిషంలో కిందికి దూరి నాలుగు గొట్టాలనీ వేలితో ముట్టుకుంటాను. ముందు వేలి కొసతోనే, కాలొచ్చు. వేడిగా ఉన్నది పనిచేస్తున్నట్టు. చల్లగా ఉన్నది జీతం తీసుకుని నిద్రపోతున్నట్టు. మూడు వేడి, ఒకటి చల్లన అయితే ఆ ఒక్కటి ఒక్కటే కాదు, పక్కదాన్ని కూడా కలిపి జతగా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే బండి పక్కకి లాగుతుంది. ఇంకా, టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ తిప్పండి. గుంటలు గుంటలుగా అరిగి ఉంటే చక్రం నేల మీద నిలబడకుండా గెంతుతోందన్నమాట. గెంతే చక్రానికి బ్రేకెక్కడ పడుతుంది? దిగుడులో అదే భయం.

కొత్తవి బిగించేటప్పుడు చిన్న మాట, కుర్ర మెకానిక్కులకి. పెట్టెలో అడ్డంగా పడుకుని వస్తాయి కాబట్టి లోపల గాలి నూనెలో చేరుతుంది. నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కి అప్పుడు బిగించండి. బుష్షుల నట్లు జాకీ మీద ఉండగా బిగించెయ్యకండి. బండి తన కాళ్ల మీద నిలబడ్డాక చివరి బిగింపు వెయ్యండి. లేకపోతే బుష్షు మెలిపడి మూడు నెలలకే చీలుతుంది.

రీఫిల్ గురించి రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. రాయకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధమవుతుంది. పోయిన షాకబ్జర్‌ని కోసి, చేతికందిన నూనె పోసి, వెల్డింగ్ చేసి, నల్లరంగు కొట్టి కొత్తదాని ధరలో మూడో వంతుకి అమ్ముతారు. చూడ్డానికి తేడా తెలీదు. 2022 డిసెంబరులో ఒక ఓనరు బతిమాలాడు, సీజను గడిస్తే చాలన్నాడు. నేను రీఫిల్ జత వేశాను. అందులో పోసింది గేరాయిల్ అనుకుంటాను, అంత చిక్కగా ఉంది. చిక్కటి నూనె సన్న రంధ్రాల్లోంచి పోదు. షాకబ్జర్ షాకబ్జర్‌లా కాకుండా ఇనుప కడ్డీలా తయారైంది. ప్రతి దెబ్బా నేరుగా కింద బోల్టుకి తగిలింది. సంక్రాంతి సెలవుల్లో, మనుషులు నిండా ఉండగా, ముందు ఎడమ పక్క బోల్టు తెగి, వేలాడిన గొట్టం బ్రేకు నూనె పోయే హోసుని కోసేసింది. పెడల్ లోపలికి పోయింది. కుర్రాడు ఫస్టు గేరులోకి లాగి బండిని కొండవైపు గట్టుకి ఆనించి ఆపాడు. లోయ రెండో పక్కనుంది. ఒక పెద్దావిడ మణికట్టు విరిగింది. ఆ కట్టు డబ్బులు నేనూ ఓనరూ చెరిసగం ఇచ్చాం. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు, అదింకా బాధ. ఆ రోజు నుంచి నా షెడ్లో రీఫిల్ లేదు. బేరం పోతే పోయింది.

ఈ బళ్లన్నీ ఎనిమిదేళ్లు దాటినవే, ఏటా రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్షకి పోవాలి. పోతాయి. ఏ ఆఫీసని నేను చెప్పను. లైట్లు చూస్తారు, హారన్ కొట్టమంటారు, వైపరు తిప్పమంటారు, బ్రేకు చూస్తారు. ఇన్నేళ్లలో బండి కిందికి టార్చి పట్టుకుని వంగినవాళ్లని నేను చూడలేదు. ఫిట్‌నెస్ రోజుకి మంచి టైర్లు అరువు తెచ్చుకునేవాళ్లు ఉంటారని అందరికీ తెలిసిందే. షాకబ్జర్లకి ఆ మాత్రం ఖర్చు కూడా ఉండదు, ఎవరూ అడగరు గనక. నూనె కారుతోందా, బుష్షులు ఉన్నాయా, బంప్ స్టాపర్ ఉందా, కమానులో పట్టీలెన్ని అని నాలుగు ప్రశ్నలు చాలు. దానికి మిషన్లు అక్కర్లేదు, వంగడానికి మనసుండాలి.

టూరిస్టులకేముంది, ఏడాదికోసారి వస్తారు, కుదుపుని కూడా ఆటలా నవ్వుకుంటూ పోతారు. అవే జీపులు సీజను లేనప్పుడు పైనుంచి రోగుల్ని దించుతాయి. ఒకసారి నా షెడ్డు ముందు జీపు ఆగింది, రేడియేటరు కాగి. లోపల నిండు గర్భిణి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. నేను నీళ్లు పోస్తుంటే వాళ్ల అత్తగారు కాబోలు, ముసలమ్మ, దిగి నడుం పట్టుకుని నిలబడింది. "దీనికన్నా డోలీయే నయం బాబూ. మోసేవోళ్లకి మోకాళ్లు వొంగుతాయి, దీనికి వొంగవు" అంది. ముప్పై ఏళ్ల పనిలో షాకబ్జరంటే ఏమిటో ఇంత బాగా చెప్పినవాళ్లని నేను చూడలేదు. తర్వాత రెండు రోజులకి ఆ బండిని పిలిపించి కింద చూశాను. వెనక రెండూ లేవు. పోయాయని విప్పి పారేసి, ఊరికే తిప్పుతున్నారు.

కాబట్టి, సంపాదకులు గారూ, ఈసారి 80,000 అని వేసేటప్పుడు దాని పక్కనే "తారు రోడ్డు మీద" అని రెండు మాటలు కలపండి. మా ఓనరు ఆ కాగితం ముక్క ఇంకా జేబులోంచి తియ్యలేదు. దాన్ని చూపించి ఈ దసరా కూడా గడిపేస్తానంటున్నాడు. నా మాట మీద నమ్మకం లేకపోతే మీ విలేకరిని ఒక ఆదివారం సాయంత్రం బొర్రాకి పంపించండి. మాసినా ఫర్వాలేదనే చొక్కా వేసుకుని రమ్మనండి. ఆఖరి ట్రిప్పు జీపులు వరసగా వచ్చి ఆగుతాయి. ఒక్కో దాని కిందికి దూరి నాలుగేసి గొట్టాలు ముట్టుకుని, ఎన్ని వేడిగా ఉన్నాయో ఎన్ని చల్లగా ఉన్నాయో ఆయన్నే రాసుకోమనండి. టార్చి నేను తెస్తాను.

ఇట్లు,
ఒక జీపు మెకానిక్,
శృంగవరపుకోట, విజయనగరం జిల్లా